కర్త లేని వాక్యం: ఒక ముంపు ఊరి కథనం మా డెస్క్‌లో ఎలా మారింది

కొన్నేళ్ల కిందట మా మాసపత్రికకు తెలంగాణలో ఒక జలాశయం కింద పోయిన ఊరి గురించి కథనం వచ్చింది. రాసింది ఒక యువ విలేకరి. దినపత్రికలో కొంతకాలం పనిచేసి బయటికి వచ్చాడు, పని మీద శ్రద్ధ ఉన్నవాడు. ఆ కాపీ, అంటే అతను రాసి పంపిన ప్రతి, చేతికి వచ్చిన దగ్గర్నుంచి అచ్చయ్యాక ఊళ్లో ఏం జరిగిందన్నదాకా ఇక్కడ వివరంగా రాస్తున్నాను. జర్నలిజం పాఠాల్లో భాషకు ఒక క్లాసు, రాజకీయ వార్తలకు ఇంకో క్లాసు, చట్టానికి మరో క్లాసు ఉంటాయి. టేబుల్ మీద కాపీ ఉన్నప్పుడు ఇవి మూడూ ఒకే వాక్యంలో ఉంటాయి. పత్రికకు రాజకీయం ఉందా లేదా అన్నది ఆ వాక్యాన్ని ఎలా దిద్దుతామన్న దగ్గరే తేలుతుందని నా నమ్మకం.

ఊరి పేరు, జలాశయం పేరు ఇక్కడ రాయడం లేదు. కొందరి అర్జీలు ఇంకా నడుస్తున్నాయి. భూమి యజమానులకూ దాన్ని సాగు చేసినవాళ్లకూ మధ్య మాట పట్టింపులు ఉన్నాయి. వాటిని నేను పెంచకూడదు.

వచ్చిన కాపీ

ఇంట్రో, అంటే మొదటి పేరా, ఇలా ఉంది: "జలాశయ నిర్మాణం నేపథ్యంలో గ్రామం ముంపునకు గురైంది. రైతులకు నష్టపరిహారం అందజేయబడింది. నిర్వాసితులకు పునరావాస కాలనీలో ఇళ్లు కేటాయించబడ్డాయి. అయితే తమకు న్యాయం జరగలేదని కొందరు ఆవేదన వ్యక్తం చేస్తున్నారు."

వ్యాకరణ దోషం ఒక్కటీ లేదు. జిల్లా పేజీల్లో రోజూ చదివే తెలుగే ఇది. దినపత్రికలో అయితే సబ్ ఎడిటర్ ఒక కామా కూడా మార్చకుండా పేజీలో పెట్టేసేవాడు. మళ్లీ చదవండి. ఊరిని ముంచింది ఎవరు? పరిహారం ఇచ్చింది ఎవరు, తీసుకున్న రైతు ఎవరు? ఇళ్లు ఏ లిస్టు ప్రకారం ఇచ్చారు? మొదటి మూడు వాక్యాల్లో పని చేసిన మనిషి ఒక్కడూ లేడు. మనుషులు కనిపించేది ఆఖరి వాక్యంలోనే, అదీ ఆవేదన పడుతూ. పని చేసినవాళ్లు మాయమై బాధపడేవాళ్లే మిగిలితే, చదివేవాడికి అది ఎవరి నిర్ణయమూ లేకుండా వచ్చిపడ్డ వరదలా కనిపిస్తుంది. జాలి పడతాడు, పేజీ తిప్పుతాడు.

కాపీతో పాటు నోట్సు, రికార్డింగులు కూడా పంపమని మేం విలేకరులకు చెబుతాం. అతను పంపాడు. ఒక రికార్డింగులో ఒక పెద్దావిడ మాట్లాడుతోంది. విలేకరి "ఊరు మునిగినప్పుడు మీరు ఎక్కడున్నారమ్మా" అని అడిగాడు. ఆమె వెంటనే అందుకుంది: "మునిగిందని రాసుకుంటున్నవా బిడ్డా? మునుగలే. ముంచిండ్రు."

కాపీలో ఆ మాట ఇలా అయింది: "గ్రామం ముంపునకు గురికావడంతో జీవనోపాధి కోల్పోయామని ఒక వృద్ధురాలు ఆవేదన వ్యక్తం చేశారు."

ఎందుకు మార్చావని ఫోన్‌లో అడిగాను. "ఎట్లాగూ డెస్క్‌లో మార్చేస్తారు గదా సార్, నేనే మార్చి పంపిన" అన్నాడు. అతన్ని తప్పుపట్టాల్సింది లేదు. ఆ అలవాటు అతనికి కాపీలు దిద్దే డెస్కులే నేర్పాయి. మైకు ముందు అంత సూటిగా మాట్లాడిన మనిషిని మన భాషే మెత్తబరిచి, ఆవేదన వ్యక్తం చేసే వృద్ధురాలిగా మార్చేసింది. ఆమె ఆ రోజు ఆవేదన వ్యక్తం చేయలేదు. అభియోగం చేసింది.

ఆఫీసు తెలుగు

గిడుగు రామమూర్తి కాలం నుంచి నడిచిన పోరాటం వల్ల పత్రికల్లోంచి గ్రాంథికం పోయింది. తాపీ ధర్మారావు లాంటి సంపాదకులు వాడుక భాషలో సంపాదకీయాలు రాసి, అలా రాయొచ్చని చూపించారు. ఆ గెలుపు మీద నాకు అపారమైన గౌరవం ఉంది. కానీ గ్రాంథికం ఖాళీ చేసిన కుర్చీలో జనం మాట పూర్తిగా కూర్చోలేదు. చాలాచోట్ల ఆఫీసు తెలుగు వచ్చి కూర్చుంది. ప్రెస్‌నోట్లు, ఉత్తర్వులు, సమీక్షా సమావేశాల మినిట్స్ రాసే తెలుగు అది. దానిలో నిర్ణయాలు తీసుకోబడతాయి, చర్యలు చేపట్టబడతాయి, లబ్ధిదారులు గుర్తించబడతారు. అధికారికి ఆ భాష అవసరం, ఎందుకంటే రేపు బాధ్యత ఎవరిదని ఎవరైనా అడిగితే వాక్యంలో తన పేరు ఉండకూడదు. పత్రికకు ఆ అవసరం ఏమిటి?

యాసతో ఇంకో చిక్కు ఉంది. మనం ప్రామాణికం అనుకునే పత్రికా భాష ఎక్కువగా కృష్ణా, గోదావరి జిల్లాల చదువుకున్నవాళ్ల భాష. తెలంగాణ మనిషి మాట దానిలోకి రావాలంటే ముందు సాపు చేసుకుని రావాలి. ఈ చిన్నచూపు పాతదే. తెలంగాణలో కవులే లేరన్న మాట వచ్చినప్పుడు గోలకొండ పత్రిక సంపాదకుడు సురవరం ప్రతాపరెడ్డి వాదన పెట్టుకుని ఊరుకోలేదు. 354 మంది కవుల రచనలు సేకరించి 1934లో గోలకొండ కవుల సంచిక వేశారు. లేరన్నవాళ్లకు పేర్లతో జవాబిచ్చారు. ఆ పద్ధతి ఈ కేసులో మాకు చాలా అక్కరకొచ్చింది.

లిస్టులో లేనివాళ్లు

అసలు విషయం రికార్డింగులోనే దొరికింది. ఆ పెద్దావిడకు సొంత భూమి లేదు. ఆమె కుటుంబం ఏళ్ల తరబడి నాలుగెకరాలు కౌలుకు తీసుకుని పత్తి వేసింది. పట్టాదారు హైదరాబాద్‌లో ఉంటాడు. పరిహారం ఆయనకు వచ్చింది, అది న్యాయంగా రావాల్సిందే. ఆమెకు ఏమీ రాలేదు. అలాంటి కుటుంబాలు ఊళ్లో ఇంకా చాలా ఉన్నాయి. కాపీలో "రైతులకు పరిహారం అందజేయబడింది" అన్న వాక్యం వీళ్లందరినీ కప్పేసింది.

చట్టం ఏమంటోందో చూద్దాం. 2014 జనవరి 1 నుంచి అమల్లో ఉన్న 2013 భూసేకరణ చట్టంలో సెక్షన్ 3(సి) "ప్రభావిత కుటుంబం" అంటే ఎవరో చెబుతుంది. భూమి పోయినవాళ్లతో పాటు, సొంత భూమి లేకపోయినా సేకరణకు ముందు మూడేళ్లుగా ఆ ప్రాంతంలో పని చేస్తూ, దానివల్లే ప్రధానంగా బతుకుతున్న కూలీలు, కౌలుదారులు, పాలుకు చేసేవాళ్లు, చేతివృత్తులవాళ్లు కూడా అందులో ఉన్నారు. సెక్షన్ 16 ప్రకారం భూమి లేనివాళ్ల జీవనోపాధి నష్టాన్ని కూడా సర్వేలో రాయాలి. రెండో షెడ్యూలులో వీళ్లకు రావాల్సినవి ఉన్నాయి: ఉద్యోగం, లేదా ఒకేసారి 5 లక్షల రూపాయలు, లేదా 20 ఏళ్ల పాటు నెలకు 2 వేలకు తగ్గకుండా, వీటిలో ఒకటి. ఊరు విడిచి వెళ్లాల్సినవాళ్లకు ఏడాది పాటు నెలకు 3 వేల జీవన భృతి, రవాణాకు 50 వేలు.

తెలంగాణలో ఇది కొత్త తగువు కాదు. భూమి యజమానులతో నేరుగా ఒప్పందం చేసుకుని కొనేందుకు 2015లో జీవో 123 వచ్చింది. అలా కొంటే తమకు పునరావాసం దక్కదని భూమి లేని వ్యవసాయ కూలీలు కోర్టుకు వెళ్లారు. 2016 ఆగస్టులో హైకోర్టు సింగిల్ జడ్జి ఆ జీవోను కొట్టేశారు. ప్రభుత్వం అప్పీలుకు వెళ్లింది. ఆ కథ పెద్దది, ఇక్కడ అవసరం లేదు. ఈ కథనంలోని ఊరి భూములు తీసుకున్నది 2013 చట్టం కిందే.

కౌలుదారుకు హక్కు ఉంది గానీ కాగితం లేదు. పాత పహాణీలో, అంటే రెవెన్యూవాళ్ల భూమి, సాగు రికార్డులో, సాగులో ఎవరున్నారో రాసే కాస్తు కాలమ్ ఉండేది. 2020లో భూ రికార్డుల పోర్టల్ ధరణి వచ్చాక ఆ కాలమ్ లేకుండా పోయింది. రైతుబంధు పెట్టుబడి సాయం పట్టాదారు ఖాతాలో పడేది, కౌలుదారుకు లేదు. కౌలుదారులకు రుణ అర్హత కార్డు ఇవ్వాలన్న 2011 చట్టం క్రమంగా పుస్తకానికే పరిమితమైంది. అందువల్ల "ఆ ఊళ్లో కౌలుదారులు లేరు" అని అధికారి చెబితే, రికార్డు ప్రకారం ఆయన అబద్ధం చెప్పినట్టు కాదు. లేకుండా చేసింది రికార్డే.

విలేకరిని మళ్లీ ఊరికి పంపాను. ఆ పెద్దావిడ దగ్గర ఉన్న కాగితాలన్నీ ఫొటో తీసి పంపమన్నాను. ఆమె ఎరువుల బస్తా కత్తిరించి కుట్టిన సంచిలో వాటిని దాచింది. విత్తనాల షాపు బిల్లులు కొన్ని ఉన్నాయి, వాటి మీద ఆమె కొడుకు పేరు ఉంది. పత్తి అమ్మిన రసీదులైన తక్‌పట్టీలు పట్టాదారు పేరు మీద ఉన్నాయి, ఎందుకంటే అమ్మేటప్పుడు చూపింది ఆయన పాసుపుస్తకం. వాటన్నిటి కింద పిల్లల రూళ్ల నోట్‌బుక్ ఒకటి. మొదటి పేజీల్లో ఎవరో పిల్లవాడు రాసిన ఎక్కాలు. తర్వాత ఏడాదికో పేజీ చొప్పున కౌలు లెక్క: ఉగాదికి ఇచ్చింది ఇంత, దీపావళికి ఇచ్చింది ఇంత, బాకీ ఇంత. ప్రతి పేజీ కింద పట్టాదారు సంతకం. ఒక ఏడాది పంట పోతే ఆయన కౌలు తగ్గించినట్టు కూడా రాసి ఉంది. ఆ నోట్‌బుక్ చూశాక కథనం ఏమిటో నాకు స్పష్టమైంది.

ఏం చేశాం

సమాచార హక్కు చట్టం కింద సర్వే జాబితా, దాని మీద గ్రామసభలో నమోదైన అభ్యంతరాలు అడుగుతూ దరఖాస్తు పెట్టించాం. చట్టం ప్రకారం 30 రోజుల్లో జవాబు రావాలి. రాలేదు. మొదటి అప్పీలు వేశాక వచ్చింది. జాబితాలో సర్వే నంబర్ల వారీగా పట్టాదారులు ఉన్నారు, ఇళ్లు పోయినవాళ్లు ఉన్నారు. భూమి లేక జీవనోపాధి కోల్పోయినవాళ్ల పట్టిక ఉండాల్సిన చోట ఏమీ లేదు.

అప్పుడు సురవరం దారి పట్టాం. విలేకరి పునరావాస కాలనీలో గడప గడపకూ తిరిగి ఒక పట్టిక తయారు చేశాడు. పేరు, ఏ సర్వే నంబరులో ఎన్ని ఎకరాలు, ఎన్నేళ్లుగా, చేతిలో ఉన్న రుజువు ఏమిటి. రుజువు లేనివాళ్ల పేరు ఎదురుగా "నోటి మాట" అనే రాశాం. పేరు వేయడానికి ఒప్పుకోని వాళ్లవి వేయలేదు. దీన్ని బాక్స్ ఐటెంగా పెడదామని లేఅవుట్ చేసే అబ్బాయి అన్నాడు. నేను ఒప్పుకోలేదు. ఆ పట్టికే కథనం, అది మూలకు పోకూడదు. దానికి పూర్తి పేజీ ఇచ్చాం.

ఇంట్రో ఇలా మారింది: "జలాశయం కోసం ఈ ఊరిని నీటిపారుదల శాఖ తీసుకుంది. పట్టా ఉన్నవాళ్లకు రెవెన్యూ అధికారులు పరిహారం ఇచ్చారు. ఆ భూముల్లో ఏళ్ల తరబడి పంట తీసిన కౌలుదారులను వాళ్లు సర్వేలో రాయలేదు. రాయాలని 2013 చట్టం చెబుతోంది."

కొత్త ఇంట్రోలో విశేషణం ఒక్కటీ లేదు. "దారుణం", "అమానుషం" లాంటివి కాపీలో మరోచోట ఉంటే అవీ తీసేశాం. పని చేసినవాడు వాక్యంలో ఉంటే విశేషణాల అవసరం పడదని నా అనుభవం. అలాగని ప్రతి "బడింది"నీ వేటాడమని చెప్పను. ఎవరు చేశారో మనకే తెలియనప్పుడు ఊహించి ఒకరి పేరు పెట్టడం ఇంకా పెద్ద తప్పు. ఈ కథనంలోనే, భూమి లేనివాళ్ల పట్టికను ఎవరు వదిలేయమన్నారో మాకు తేలలేదు. "ఎవరు చెప్పారో మాకు దొరికిన రికార్డులో లేదు" అని అలాగే రాశాం. "విశ్వసనీయంగా తెలిసింది" అని రాయలేదు.

కోట్‌ల దగ్గర, అంటే మనుషులు అన్న మాటలను వేసే చోట, చర్చ ఎక్కువ నడిచింది. పెద్దావిడ మాటను ఆమె అన్నట్టే వేద్దామన్నప్పుడు మా సబ్ ఎడిటర్ ఒక మంచి ప్రశ్న అడిగింది: "సార్, అధికారి కోట్ మాత్రం శుద్ధమైన తెలుగులో ఉంది. ఆమెది యాసలో వేస్తే చదివేవాళ్లకు ఎవరు చదువుకున్నవాళ్లుగా కనిపిస్తారు?" రికార్డింగు విన్నాం. అధికారి కూడా ఆ జిల్లావాడే. "లిస్టుల పేరు లేకపోతే నేనేం జేయాలె? కౌలుదారులు లేరు ఆ ఊర్ల" అని ఆయన అన్న మాటను విలేకరి "జాబితాలో పేరు లేనివారి విషయంలో తామేమీ చేయలేమని అధికారి స్పష్టం చేశారు" అని మార్చాడు. ఇద్దరి మాటలూ అన్నవి అన్నట్టే వేశాం. కథనం నడక మాత్రం మామూలు రాత తెలుగులోనే ఉంచాం. యాసను వింతగా చూపించే స్పెల్లింగులు, పలుకును వెక్కిరించే కుండలీకరణాలు ఎక్కడా పెట్టలేదు.

ఏ పార్టీ పత్రిక?

కథనం పనిలో ఉండగానే సంగతి బయటికి పొక్కింది. ఒక స్థానిక నాయకుడు ఫోన్ చేసి మర్యాదగానే మాట్లాడాడు. ప్రాజెక్టు వల్ల ఎన్ని వేల ఎకరాలకు నీళ్లు వస్తాయో రాయమన్నాడు. అది న్యాయమైన మాటే, రాశాం. మా పత్రికలో ప్రకటనల పని చూసేవాళ్లకు మాత్రం వేరే రకం కబురు వచ్చింది. రాబోయే ప్రత్యేక సంచికకు అనుకున్న ప్రకటనలు "ఆలోచిస్తున్నాం" అన్న మాటతో ఆగిపోయాయి. బెదిరింపు లేదు, ఉత్తరం లేదు. 1975 జూన్ నుంచి 1977 మార్చి దాకా ఎమర్జెన్సీలో ప్రూఫులు సెన్సారు అధికారికి చూపించాల్సి వచ్చిందని మా సీనియర్లు చెప్పేవారు. అప్పుడు కనీసం ఏ వాక్యం కొట్టేశారో తెలిసేది. ప్రకటన రాకపోతే ఏ వాక్యానికి రాలేదో ఎవరూ చెప్పరు. ఆ సంచికలో పేజీలు తగ్గించి వేశాం.

ఒత్తిడి ఒక వైపు నుంచే వస్తుందనుకోవద్దు. నిర్వాసితుల కోసం పనిచేస్తున్న మిత్రులు కొందరు వచ్చి, పరిహారంతో సంతృప్తిగా ఉన్న కుటుంబం గురించి రాసిన భాగం తీసేయమన్నారు. ఆ కుటుంబం డబ్బుతో పక్క మండలంలో భూమి కొనుక్కుంది, కాలనీ ఇల్లు బాగుందని చెప్పింది. "ఆ పేరాను అవతలివాళ్లు వాడుకుంటారు" అన్నారు మిత్రులు. వాడుకుంటారు, నిజమే. కానీ ఆ కుటుంబం కూడా ఆ ఊరిదే. పట్టా ఉన్న కుటుంబానికీ లేని కుటుంబానికీ ఏమైందో పక్కపక్కన పెడితేనే కౌలుదారుకు జరిగింది పాఠకుడికి అర్థమవుతుంది. ఆ పేరా ఉంచాం.

"మీది ఏ పార్టీ పత్రిక" అని రెండు వైపులవాళ్లూ అడిగారు. పత్రికకు రాజకీయాలు ఉండకూడదని నేను ఎప్పుడూ చెప్పను. ఎవరి పేరును వాక్యంలోకి తెస్తాం, ఎవరి పేరును వదిలేస్తాం అన్నది రాజకీయమే. మా రాజకీయం అదే. అది ఏ ప్రభుత్వం ఉన్నా ఒకేలా ఉండాలి. ఇదే జలాశయానికి ముందటి ప్రభుత్వంలో వచ్చిన తొలి ప్రతిపాదనల్లో కూడా భూమి లేనివాళ్ల ప్రస్తావన లేదు. అది కూడా కథనంలో రాశాం.

వివరణ

అచ్చుకు వెళ్లేముందు సంబంధిత అధికారికి ప్రశ్నలు రాతపూర్వకంగా పంపాం, జవాబుకు తగినంత గడువు ఇచ్చాం. పట్టిక కాపీ కూడా జత చేశాం. దాచిపెట్టి దెబ్బ తీసే పద్ధతి మాకు నచ్చదు. ఆయన జవాబు పంపారు: రికార్డుల్లో కౌలుదారుల వివరాలు లేవు, ఎవరైనా ఆధారాలతో వస్తే పరిశీలిస్తామని. ఈ వివరణను కథనం చివర రెండు లైన్లలో కాకుండా, లిస్టు గురించి మాట్లాడే పేరాలోనే పెట్టాం. పరువు నష్టం కోణంలో మా న్యాయవాది కాపీ చదివారు. అప్పటికి ఐపీసీ 499, 500 సెక్షన్లు ఉన్నాయి, 2024 జులై 1 నుంచి అదే విషయం భారతీయ న్యాయ సంహిత 356లో ఉంది. నిజమైతే, ప్రజల మేలు కోసం రాస్తే మినహాయింపు ఉంది. రెండూ ఉండాలి. పట్టాదారుల పేర్లు వేయవద్దని ఆయన సలహా ఇచ్చారు. వాళ్ల మీద ఆరోపణే లేదు కాబట్టి వెంటనే ఒప్పుకున్నాం.

అచ్చయ్యాక

అధికారి ఫోన్ చేశారు. పట్టిక గురించి ఆయనకు అభ్యంతరం లేదు. "నన్ను అట్ల మాట్లాడినట్టు రాస్తరా?" అన్నదే ఆయన కోపం. రికార్డింగు ఉందని చెప్పాను. పెద్దావిడ మాటలు కూడా అలాగే వేశామని చెప్పాను. కొంతసేపు మాట్లాడలేదు, తర్వాత ఆధారాలు ఉన్నవాళ్లను పంపమన్నారు.

మేం ఊహించని మేలు ఒక చిన్న వాక్యం వల్ల జరిగింది. కౌలుదారుకు వచ్చే పునరావాస సాయం యజమాని పరిహారంలోంచి కోసి ఇచ్చేది కాదని కథనంలో ఒకచోట రాశాం. చాలామంది పట్టాదారులు అప్పటిదాకా భయపడింది దానికే. తమ డబ్బులో వాటా పోతుందని "మా భూమి ఫలానావాళ్లే చేశారు" అని రాసివ్వడానికి వెనకాడారు. అది చదివాక కొందరు రాసిచ్చారు. హైదరాబాద్‌లో ఉండే ఆ పట్టాదారు కూడా వచ్చి, నోట్‌బుక్‌లో సంతకాలు తనవేనని చెప్పి వెళ్లాడు.

కాలనీ పంచాయతీ ఆఫీసులో విచారణ పెట్టారు. రాతపూర్వకమైన ఆధారం ఉన్న కుటుంబాలను అదనపు జాబితాలో చేర్చారు. పెద్దావిడ పేరు అందులో ఉంది. పట్టికలో "నోటి మాట" అని రాసినవాళ్లలో ఎక్కువమంది బయటే ఉండిపోయారు. ఎక్కువగా కూలికి వెళ్లే ఆడవాళ్లు, ఎవరి పొలంలో ఎన్నాళ్లు చేశారో ఏ కాగితమూ లేనివాళ్లు. చట్టం వాళ్లను కూడా ప్రభావిత కుటుంబాల్లోనే చెప్పింది. సెక్షన్ 64 కింద తమ విషయాన్ని ఇలాంటి తగువులు తేల్చే భూసేకరణ అథారిటీకి పంపమని వాళ్లు కలెక్టర్‌కు అర్జీలు పెట్టుకున్నారు. అవి ఇంకా తేలలేదు. విలేకరి వాటి వెంట తిరుగుతున్నాడు. ఇప్పుడు అతను పంపే కాపీలో మాట అన్న మనిషి, పని చేసిన మనిషి ఇద్దరూ ఉంటున్నారు. ఆ కూలీల పేర్లతో రెండో పట్టిక తయారవుతోంది. దానికీ పూర్తి పేజీ ఇస్తాం.